వేరు కాపురం పెట్టిన సౌండు కార్డు

"మీ తోడికోడలు పంపింది విన్నానండీ. శబ్దం అద్దంలా ఉంది," అంది ఫోనులో వినే పుస్తకాల సంస్థ మేడమ్.

పెద్దకోడలు ఫోనుని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. మాట మారలేదు. అద్దంలాగే ఉంది.

"మీరు చదవడం కూడా చాలా బాగుంది. చదవడంలో వంక పెట్టడానికేం లేదు. కాకపోతే వెనకాల సన్నగా గుయ్‌మంటోంది. మొదటినుంచి చివరిదాకా అదే. తీసేద్దామని మావాళ్ళు చూశారు గానీ, దాంతోపాటు మీ గొంతూ కాస్త పోతోంది. మళ్ళీ ఒకసారి చదివి పంపండి. ఈ వారంలో మీ ఇద్దరిలో ఎవరో ఒకరికి నవల ఇచ్చేస్తాం."

ఇద్దరిలో ఎవరో ఒకరికి. ఇన్నాళ్ళూ ఈ ఇంటి తోడికోడళ్ళిద్దరూ సంస్థకి చదివి ఇచ్చినవి చిన్నా చితకా. పిల్లల పాఠాలు, మందుల వాడకం గురించి నాలుగు మాటలు, నిద్రపుచ్చే కథలు. వాటి మీద ఎవరి పేరూ ఉండదు. ఈ నవల అలాంటిది కాదు. నాలుగు తరాల కథ, నెలల తరబడి చదవాలి. పైగా రాసినవారి పేరు చెప్పాక, చదివినవారు ఫలానా అని చెబుతారట. ఆ ఫలానా తనే కావాలని పెద్దకోడలు కబురు తెలిసిన రోజు నుంచీ కాచుక్కూర్చుంది.

అసలు చిన్నకోడలికి చదవడం నేర్పింది ఎవరు? కొత్త పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు, వెనకగదిలో పాత దుప్పట్లు గోడలకి వేలాడదీసుకుని తను చదువుతుంటే, గడప దగ్గర గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ముచ్చటేసి పక్కన కూర్చోబెట్టుకుంది. కామా దగ్గర ఊపిరి పీల్చాలి, చుక్క దగ్గర గుటక మింగాలి, గుటక చప్పుడు మైకుకి వినపడకూడదు అని చేతిలో చెయ్యేసి నేర్పింది. అత్తగారు అప్పుడే అంది, "అన్నీ చెప్పెయ్యకే పెద్దమ్మాయ్, ఒకటో రెండో నీకోసం అట్టిపెట్టుకో," అని. విన్నదెవరు.

ఇప్పుడేమో ఆ పిల్ల శబ్దం అద్దం. తనది గుయ్.

ఆ సాయంత్రమే గిన్నె తిరిగి ఇచ్చే వంకతో చిన్నకోడలి ఇంటికి వెళ్ళింది. కిందటేడు చిన్నవాళ్ళు గొడవా గోలా లేకుండానే వేరు కాపురం పెట్టారు. వీధి చివర మలుపు తిరిగాక రెండు గదుల వాటా. వెళ్ళిన ప్రతిసారీ పెద్దకోడలు కొత్తగా ఏదో ఒకటి చూసి వచ్చేది. ఒకసారి కిటికీకి మందపాటి తెర. ఒకసారి మెత్త వేసిన కుర్చీ. ఒకసారి ఏమీ లేదు, ఉత్త నిశ్శబ్దం. ఆ రోజు వచ్చి సరిగ్గా భోంచెయ్యలేదు.

ఈసారి మరిది కంప్యూటర్ పక్కరేకు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. అతను పనిచేసేది కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో. ఇంటికొచ్చినా చేతిలో స్క్రూడ్రైవరు ఉండాల్సిందే.

"దుమ్ము దులుపుతున్నా వదినా. రా, కూర్చో."

లోపల అరచేతి కంటే కాస్త పొడుగ్గా నల్లటి పలక ఒకటి నిలబడి ఉంది. దాని అంచున చిన్న ఎర్రదీపం.

"ఇదేనా," అంది పెద్దకోడలు, తెలియనట్టు.

"ఇదే సౌండు కార్డు," అన్నాడు మరిది. ఎవరైనా అడిగితే చాలు అతనికి హుషారు. "మామూలుగా శబ్దం సంగతి చూసుకునే ముక్క మదర్‌బోర్డు అనే పెద్దపలక మీదే అతికించి ఉంటుంది వదినా. ఉమ్మడి కాపురం అనుకో. ఒకటే హాలు. ఓ పక్క ఫ్యాను తిరుగుతుంటుంది, ఓ పక్క డిస్కు గిరగిరలాడుతుంటుంది, మధ్యలోంచి కరెంటు పోతుంటుంది. అందరి రొదా దాని చెవిన పడుతుంది. అదే ఈ కార్డనుకో, వేరు కాపురం. దాని గది దానిది. ఎవరి గోలా అంటదు."

"అంటే వేరు కాపురం పెట్టినవాళ్ళ మాటే శుభ్రంగా ఉంటుంది, మిగతావాళ్ళం గుయ్‌మంటూ పడి ఉంటామనా."

"అయ్యో వదినా, నేను కంప్యూటర్ గురించి చెబుతున్నా."

"నేనూ కంప్యూటర్ గురించే అంటున్నానయ్యా."

చిన్నకోడలు టీ కప్పులతో వచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "ఆయనకి ఎవరో ఒకరు దొరకాలి అక్కయ్యా. రెండో టీ చల్లారేదాకా వదలరు," అంది నవ్వుతూ. ఆ నవ్వు మామూలు నవ్వే. అందులో గొప్ప ఎక్కడుందో పెద్దకోడలికి తప్ప ఎవరికీ కనపడదు.

"అయినా ఇప్పటి బోర్డుల మీద వచ్చేవీ తక్కువేం కాదులే వదినా," అంటున్నాడు మరిది. "చాలామందికి అవే సరిపోతాయి. విడి కార్డు పెట్టినా తేడా తెలియనివాళ్ళే ఎక్కువ."

ఆ మాట పెద్దకోడలి చెవికి ఎక్కలేదు. ఆమె ఎర్రదీపాన్నే చూస్తోంది. తిరిగి వస్తుంటే దారి పొడుగునా అదే కళ్ళ ముందు వెలుగుతూ వచ్చింది. పక్కవాళ్ళకి ఉన్నది మనకి లేకపోతే ఆకలి ఒక పూటే వేస్తుంది. మనం నేర్పినవాళ్ళకి ఉండి మనకి లేకపోతే అది ఏ పూటా తీరదు.

ఇంట్లో ముందుగది కళ్ళద్దాల దుకాణం. మొగుడు రాత పలకంత బల్ల ముందు కూర్చుని అద్దం అంచు అరగదీస్తున్నాడు. చక్రం మీద నీళ్ళు సన్నగా ధారకడుతున్నాయి.

"నాకు కార్డు కావాలి," అంది పెద్దకోడలు.

"ఎవరి పెళ్ళికి?"

"సౌండు కార్డు."

అతను అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూసి, మళ్ళీ చక్రానికి ఆనించాడు. "ఉన్నదానికేమొచ్చింది."

"గుయ్‌మంటోందిట. మేడమ్ అంది. మీ తమ్ముడు చెప్పాడు, బోర్డు మీదది ఉమ్మడి కాపురం లాంటిదట. అన్ని రొదలూ అందులో పడతాయట."

నడిమిగదిలో మంచం మీద పడుకున్న అత్తగారు గోడవైపు తిరిగి ఉండే అంది, "ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికి ఒకావిడ."

"మీరు పడుకోండి అత్తయ్యా."

"పడుకునే ఉన్నానుగా. పడుకునే అంటున్నా."

మొగుడు నవ్వు కనపడకుండా తల వంచుకున్నాడు. "కొనేముందు పెట్టుకుని చూడాలి. అద్దమైనా అంతే, కార్డైనా అంతే. ఆదివారం తమ్ముణ్ణి కార్డు పట్టుకుని రమ్మంటా. పెట్టి చూద్దాం. తేడా ఉంటే కొందాం."

"వాళ్ళది తెచ్చి నాకు పెడతారా?" అందామె. ఎరువు కార్డుతో పరీక్ష చెయ్యడం ఎరువు నగతో పెళ్ళికెళ్ళినట్టనిపించింది. కానీ తేడా ఉంటే కొందామన్న మాట పట్టుకుని ఊరుకుంది.

ఆదివారం పొద్దున చిన్నవాళ్ళిద్దరూ వచ్చారు. కార్డుని చిన్నకోడలు మెత్తటి గుడ్డలో చుట్టి పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. మరిది వెనకగదిలో కంప్యూటర్ విప్పి దాన్ని బిగించాడు. దుకాణంలో పని మధ్యలో వదిలి మొగుడూ వచ్చి కూర్చున్నాడు. అత్తగారిని కూడా మంచం దించి, కుర్చీ వేసి, నడిమిగది గుమ్మంలో కూర్చోబెట్టారు. ఆవిడకి తమాషా ఉందంటే ఏ నొప్పీ గుర్తుండదు.

"నీ ఇష్టం వచ్చినట్టు వింటే కుదరదు," అన్నాడు మొగుడు. "నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళని ఎలా అడుగుతానో అలా అడుగుతా. ఇటు తిరిగి కూర్చో. తెర చూడకూడదు. చెవులకి ఇవి పెట్టుకో. తమ్ముడు మారుస్తుంటాడు. ఏదేదో నీకు చెప్పం. ఒకటి బాగుందా, రెండు బాగుందా, అంతే చెప్పు."

పెద్దకోడలు గోడవైపు తిరిగి కూర్చుంది. పెద్ద హెడ్‌ఫోన్లు చెవులని మూసేశాయి. వేణువు మొదలైంది. ఆగింది. మళ్ళీ అదే వేణువు. మొగుడు ఆమె కళ్ళ ముందు వేళ్ళు చూపించాడు. ఒకటా, రెండా?

"రెండు."

మళ్ళీ వేణువు. "ఒకటి." మళ్ళీ. "రెండు." మళ్ళీ. ఈసారి ఆమె కాస్త ఆగింది. కళ్ళు మూసుకుంది. "రెండే. ఇది కార్డే, సందేహం లేదు. వాయించేవాడి ఊపిరి కూడా తెలుస్తోంది. మొదటిది గోనెసంచిలోంచి వచ్చినట్టుంది."

ఆమె హెడ్‌ఫోన్లు తీసి ఇటు తిరిగింది. మరిది ముఖం తుడుచుకుంటున్నాడు. మొగుడు దగ్గాడు.

"ఆఖరిసారి రెండూ ఒకటే," అన్నాడు. "రెండుసార్లూ మన పాతదే వేశాం. అంతకుముందు నువ్వు చెప్పినవి కొన్ని కలిశాయి, కొన్ని కలవలేదు."

"మోసం కదా అది."

"నా పనే అది. పక్కింటావిడ పెట్టుకుందని కళ్ళద్దాలకి వచ్చేవాళ్ళుంటారు. కళ్ళు బాగానే ఉంటాయి. వాళ్ళకి ఒకే అద్దం రెండుసార్లు పెడతా. రెండోది ఎంత బాగుందో అని మురిసిపోతారు. వాళ్ళకి అద్దాలు రాయను."

అత్తగారు కుర్చీలో కదిలింది. "గోనెసంచి," అంది తనలో తను, రుచి చూస్తున్నట్టు.

పెద్దకోడలి చెవులు వేడెక్కిపోయాయి. మొగుడు నవ్వినా, అత్త నవ్వినా ఆమెకి లెక్కలేదు, అది రోజూ ఉండేదే. చిన్నకోడలు నవ్విందా అని చూసింది. నవ్వలేదు. తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సవరించుకుంటోంది. నవ్వినా బాగుండేది, ఒక మాట అనడానికి సందు దొరికేది.

"అదంతా వినడానికి," అంది పెద్దకోడలు. "వినడానికి ఏదైతేనేం. నేను వినేదాన్ని కాదు, చదివేదాన్ని. మైకు పెట్టి చూడండి. గుయ్ ఉందో లేదో అప్పుడు తేలుతుంది."

"వదిన చెప్పింది నిజమే అన్నయ్యా," అన్నాడు మరిది. "విన్నప్పుడు తెలియని తేడా రికార్డు చేసినప్పుడు తెలియొచ్చు. మైకులోంచి వచ్చేది చాలా సన్నం కదా, పక్కన చిన్న రొద ఉన్నా కలిసిపోతుంది."

మైకుని ముందు బోర్డుకే ఉండే పాత గులాబీరంగు కన్నంలో పెట్టాడు. సంస్థ వాళ్ళు పంపిన పేజీని పెద్దకోడలు చదివింది. కూతురిని పోగొట్టుకున్న తల్లి బావి దగ్గర నిలబడి ఉత్త బిందెని పదే పదే తోమే ఘట్టం. పరీక్ష మాట మర్చిపోయి చదివింది. చదువుతున్నంతసేపూ అత్తగారు కుర్చీలో కదల్లేదు. మరిది చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. తర్వాత మైకు తీసి కార్డుకి పెట్టారు. అదే పేజీ మళ్ళీ చదివింది.

మరిది మొదటిది వినిపించాడు. మాట ఆగినచోటల్లా వెనకాల గుయ్. సన్నగా, ఆగకుండా.

"విన్నారా," అంది పెద్దకోడలు. గెలిచినట్టే ఉందామెకు. "ఇక కార్డుది పెట్టు."

పెట్టాడు. మాట. మాట ఆగింది. గుయ్.

మరిది శబ్దం పెంచాడు. గుయ్ కూడా పెరిగింది. తీగలు మార్చాడు. కంప్యూటర్‌ని వేరే ప్లగ్గులో పెట్టాడు. మైకుని జరిపాడు. మళ్ళీ మళ్ళీ చదివించాడు. అన్నిట్లోనూ అదే. "ఇదేం విచిత్రం," అన్నాడు తల గోక్కుంటూ. "మా ఇంట్లో ఇదే కార్డు, ఇదే మైకు రకం. అక్కడ చీమ నడిచినా వినపడేలా ఉంటుంది."

"మీ ఇంట్లో అన్నీ బాగానే ఉంటాయి," అంది పెద్దకోడలు.

ఈ గందరగోళంలో ఆమె ఒకటి గమనించింది. ఈర్ష్యకి కళ్ళెక్కువ, అది ఏదీ వదిలిపెట్టదు. మామూలుగా చిన్నకోడలు ఊరుకునే మనిషి కాదు. ఇలా పెట్టి చూడండి, అలా తిప్పి చూడండి అని పది సలహాలు చెబుతుంది. ఇవాళ మరిది ప్రతి తీగా పీకి పెడుతుంటే, ఆ పిల్ల అత్తగారి పక్కన గోడకానుకుని గోళ్ళు చూసుకుంటోంది. చూసిన గోళ్ళే మళ్ళీ చూసుకుంటోంది.

"ఇక తినే వేళయింది. దుకాణం మూసి వస్తా," అని మొగుడు లేచి ముందుగదిలోకి వెళ్ళాడు. తలుపు చప్పుడైంది. తర్వాత టక్‌మని ఏదో మీట.

ఇల్లంతా ఒక్కసారి దూరంగా జరిగినట్టయింది.

"కరెంటు పోయిందా?" అంది అత్తగారు.

అందరూ పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. దీపం వెలుగుతోంది. కంప్యూటర్ తెర మీద పేజీ అలాగే ఉంది.

"పోలేదమ్మా," అన్నాడు మరిది. అని నోరు అలాగే తెరిచి ఉంచాడు. "అన్నయ్యా, ఇప్పుడు ఏం ఆపావు?"

"పంపు. ఏం?" ముందుగదిలోంచి వినపడింది.

చక్రం మీద నీళ్ళు పోసే చిన్న పంపు అది. నీళ్ళు లేకపోతే చక్రం కాలి అద్దం పగులుతుంది. ఆపి మళ్ళీ పెడితే నీళ్ళు ఎక్కడానికి సేపవుతుందని అతను పొద్దున మీట వేస్తే భోజనం వేళకే ఆపేవాడు. భోజనమైతే మళ్ళీ వేసేవాడు. రోజూ ఆ వేళకి వంటింటి చప్పుళ్ళలో అది ఆగిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు, ఇవాళ అందరూ చెవులు రిక్కించుకుని ఉన్నారు. అది గోడలోంచి, నేలలోంచి, వెనకగది బల్ల కాళ్ళలోంచి మైకుదాకా వచ్చేది. పెద్దకోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజూ అది తిరుగుతూనే ఉంది. ఆమె చెవులకి అది చప్పుడు కాదు, ఇల్లు.

మరిది మళ్ళీ పంపు వేయించాడు. గుయ్. ఆపించాడు. లేదు. వేయించాడు. గుయ్.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే," అన్నాడు మొగుడు గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ.

"నువ్వు మాట్లాడకు," అంది అత్తగారు. "పరీక్షలు పెట్టావు. ఒకే అద్దం రెండుసార్లు పెట్టావు. గుయ్‌మన్నది నువ్వే." పెద్దకోడలి వైపు తిరిగింది. "మద్దెల నిజంగానే ఓడేనమ్మాయ్. మాట వెనక్కి తీసుకుంటున్నా. గోనెసంచి మాత్రం నీదే."

అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది, ఒక క్షణం ఆలస్యంగా.

ఆ క్షణం ఆలస్యాన్ని పెద్దకోడలు పట్టుకుంది. భోజనాలయ్యాక గిన్నెలు పెరటి కుళాయి దగ్గరికి తీసుకెళుతూ, "రావే, సాయం పట్టు," అని ఆ పిల్లని వెంటబెట్టుకెళ్ళింది. కుళాయి విప్పింది. లోపలికి మాట వినపడకుండా నీళ్ళ చప్పుడు అడ్డం పెట్టుకుని అడిగింది.

"నీకు ముందే తెలుసు కదూ."

చిన్నకోడలు గిన్నె అందుకుంది. కడిగిన గిన్నెనే కడిగింది. "ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నాకూ వినపళ్ళేదు అక్కయ్యా. వేరే వెళ్ళిన కొత్తలో నాకు మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. ఏదో తక్కువైనట్టుండేది. ఏంటో తెలిసేది కాదు. తర్వాత ఒకరోజు ఇక్కడికొచ్చా. గడపలో కాలు పెట్టగానే వినపడింది. ఓహో, ఇదా అనుకున్నా."

"మరి చెప్పలేదేం."

"మామూలు పాఠాలప్పుడు ఎవరూ పట్టించుకోలేదుగా. నవల మాట వచ్చాక చెబుదామనే అనుకున్నా. నాలుకదాకా వచ్చింది."

"వచ్చి."

"వచ్చి ఆగింది." ఆ పిల్ల తలెత్తలేదు. "ఆ గుయ్ తీసేస్తే ఏం మిగులుతుంది అక్కయ్యా? నీ గొంతు మిగులుతుంది. ఇందాక బావి దగ్గర ఆవిడ బిందె తోముతుంటే అత్తయ్య ఊపిరి బిగబట్టింది. నేను చదివినప్పుడు అత్తయ్య కునుకు తీస్తుంది. ఆ కార్డు ఆయన సరదాకి కొన్నారనుకున్నావా? నేను ఏడ్చి కొనిపించా. అక్కయ్యలా వినపడట్లేదు, అక్కయ్యలా వినపడట్లేదు అని ప్రాణం తోడేశా. ఆయన చెప్పారు, కార్డుకీ దానికీ సంబంధం లేదని. నేను వినలేదు."

నీళ్ళు పారుతున్నాయి. పెద్దకోడలికి కోపం రావాలి, వచ్చింది కూడా. నేర్పినదానికి ఇదా ఫలం అని నాలుగు దులపాల్సిన చోటు. మాటలు వరసగా నిలబడే ఉన్నాయి. కానీ వాటి వెనక ఇంకేదో మెల్లగా పొంగుకొస్తోంది, పాలపొంగులా. ఈ మంట తన ఒక్కదాని కడుపులోనే ఉందనుకుంది ఇన్నాళ్ళూ. వీధి చివర, మందపాటి తెర వెనక, మెత్తటి కుర్చీలో, ఎర్రదీపం పక్కన ఇంకొకావిడ కూడా మండుతూ కూర్చుందన్నమాట. అదీ తన గురించే.

ముఖం కనపడకుండా గోడవైపు తిరిగి గిన్నెలు బోర్లించింది. "నేర్పినదాన్ని నేనే కదే," అంది.

"అందుకే అక్కయ్యా," అంది చిన్నకోడలు.

ఆ మధ్యాహ్నం పంపు ఆగే ఉంది. మొగుడు ముందుగదిలో ఫ్రేములకి చిన్న చిన్న మరలు బిగిస్తూ కూర్చున్నాడు, పొయ్యి ఆర్పేసిన వంటవాడిలా. అత్తగారు మంచం మీద అటూ ఇటూ దొర్లింది. "చెవుల్లో దూది పెట్టినట్టుంది. ఎవరైనా ఏదైనా మాట్లాడండర్రా," అంది. వెనకగదిలో మరిది కార్డు విప్పబోయాడు.

"ఉంచండి," అంది చిన్నకోడలు. "అక్కయ్య పంపేదాకా ఉంచండి. నాది ఎప్పుడో వెళ్ళిపోయిందిగా." ఆ పిల్ల నిజంగానే అంది. చేసినదానికి ఏదో ఒకటి సర్దుకోవాలని ఉంది ఆ ముఖంలో.

పెద్దకోడలు అప్పటికే మైకుని పాత గులాబీరంగు కన్నంలో పెట్టేసింది.

"వద్దమ్మా, తీసుకెళ్ళు," అంది మెత్తగా. "నీకు అవసరం."

చిన్నకోడలు ఒక్కసారి తలెత్తి చూసింది. మరిదికి అందులో ఏమీ వినపడలేదు. వదిన మర్యాదకి అందనుకుని కార్డు విప్పి చేతికిచ్చాడు. ఆ పిల్ల దాన్ని మళ్ళీ మెత్తటి గుడ్డలో చుట్టుకుంది. ఈసారి పసిపిల్లని చుట్టినట్టు లేదు. అంగట్లో వద్దని తిప్పి ఇచ్చిన సరుకుని చుట్టినట్టుంది.

వాళ్ళు వెళ్ళాక పెద్దకోడలు ఒక్కతే దుప్పట్ల మధ్య కూర్చుని చదివింది. బావి, ఉత్త బిందె, తోముతున్న చెయ్యి. ఆగినచోట ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని మొదటిసారి విన్నప్పుడు ఆమెకి భయమేసింది. మాటకీ మాటకీ మధ్య నిలబడ్డానికి ఇంత చోటుందని తెలియదు. ఆ చోట్లో కాస్త ఎక్కువసేపే నిలబడింది.

పంపాక నిద్ర పడితే ఒట్టు. గొంతు ఎలా ఉన్నా వాళ్ళకి అద్దమే కావాలేమో. ఆ పిల్ల గదిలో ఉండే నిశ్శబ్దం ఇంకా మందంగా ఉంటుందేమో. కుళాయి దగ్గర అన్నదంతా తనని మెత్తబరచడానికే అన్నదేమో. ఆ చివరి అనుమానం వచ్చినప్పుడు మాత్రం తనకే నవ్వొచ్చింది. ఏడ్చి కొనిపించా అన్న గొంతు ఉత్తది కాదు. అంతమాత్రం చెవి తనకుంది.

వారం చివర మేడమ్ ఫోను చేసింది.

"గుయ్ పోయిందండీ. సౌండు కార్డు కొన్నారా?"

"లేదండీ. మా ఆయన్ని ఆపించాను."

"ఏమోనండీ, ఎలాగైతేనేం. బిందె తోమేచోట మా ఆఫీసులో అందరూ పని ఆపేశారు. నవల మీకే ఇస్తున్నాం. పేరు ఎలా చెప్పమంటారో రాసి పంపండి."

పెద్దకోడలు ముందు మొగుడికి చెప్పింది. అతను పంపు వైపు చూసి, "అయితే మధ్యాహ్నాలు ఇక మరలు బిగించుకోవడమే నా పని," అని నిట్టూర్చాడు, కానీ మీట ఆపి మరీ నిట్టూర్చాడు. అత్తగారికి చెప్పింది. "వింటూనే ఉన్నాగా," అందావిడ. "ఇప్పుడీ ఇంట్లో గుటక మింగినా వినపడుతోంది."

తర్వాత చిన్నకోడలికి ఫోను చేసింది. మరిది చేత చెప్పించొచ్చు, రేపు వెళ్ళినప్పుడు చెప్పొచ్చు. తనే చేసింది.

"నవల నాకే ఇచ్చారే," అంది.

"చాలా సంతోషం అక్కయ్యా," అంది చిన్నకోడలు. "నాకు ముందే తెలుసు నీకే వస్తుందని. చాలా సంతోషంగా ఉంది." గొంతు అద్దంలా ఉంది. కామా దగ్గర ఊపిరి పీల్చింది. చుక్క దగ్గర గుటక మింగింది, వినపడకుండా, తను నేర్పినట్టే.

మాటలన్నీ అయిపోయాక కూడా ఆ పిల్ల ఫోను పెట్టెయ్యలేదు. ఆ ఆగినచోట, ఎంతో వెనకాల, సన్నగా, ఏ కార్డుకీ చిక్కనంత సన్నగా ఒకటి వినపడుతోంది. దాన్ని పెద్దకోడలు ఎక్కడున్నా పోల్చుకోగలదు. చాలాకాలం తన కడుపులో మంటగా తిరిగింది అదే.

తనూ పెట్టెయ్యలేదు. ఫోనుని చెవికి ఇంకాస్త నొక్కుకుంది.